టామసిన్ పాడిన రాజు పాట

పార్లమెంటు రాజు తల నరికించి మూడు నెలలైంది. లండన్‌లో ఆ సంగతి పైకి అనేవాళ్ళు లేరు. రొట్టెల కొట్టు దగ్గర, చేపల రేవు దగ్గర ఆడవాళ్ళు "ఆ మంగళవారం" అనేవారు, అంతే. ఏ మంగళవారం అని ఎవరూ అడిగేవారు కాదు.

జెర్విస్ పార్డో మాత్రం ఆ మంగళవారం మీద పాట కట్టాడు.

అతనికి ముప్పై ఒకటో ఏడు. చిన్నప్పుడే తుంటి కీలు పాడై ఎడమ కాలు ఎదగకుండా ఆగిపోయింది. రెండు చంకకర్రల మీద నడుస్తాడు. నదికి దక్షిణపు ఒడ్డున, కొవ్వొత్తులు పోసేవాడి ఇంటి మీద, చూరు కింది గదిలో అక్కా తమ్ముడూ ఉంటారు. కింద కొవ్వు కాగే వాసన పగలంతా మెట్లెక్కి వస్తూనే ఉంటుంది. మొదట్లో కిటికీ తెరిచి ఉంచేవారు. ఇప్పుడు ఆ వాసన లేని ఆదివారాలే వాళ్ళకి వింతగా ఉంటాయి. జెర్విస్ చుట్టుపక్కల వాళ్ళకి ఉత్తరాలు, అర్జీలు రాసిపెడతాడు. మిగిలిన పొద్దంతా పాటలు కడతాడు. అక్క టామసిన్ వాటిని సంతల్లో పాడి, అచ్చు కాగితాలు అమ్ముతుంది.

టామసిన్‌కి ముప్పై ఎనిమిది. పొడగరి. ముందు పన్ను ఒకటి లేదు. మట్టి పొగాకు గొట్టాన్ని నోట్లోంచి తీసేది రెండు పనులకే, తినడానికీ పాడడానికీ. తీయని గొంతేమీ కాదు. కొంచెం జీర, కొంచెం బరువు. కానీ సంత రణగొణ మధ్య నిలబడి ఆమె మొదటి చరణం ఎత్తుకుంటే, బేరాలాడుతున్నవాళ్ళు చెయ్యి గాల్లో అలాగే ఉంచేసి వెనక్కి తిరిగేవారు.

రాజు మీద పాటలు పాడినా, అమ్మినా జైలే అని పార్లమెంటు చాటింపు వేయించింది. పాడేవాళ్ళని పట్టుకోవడానికి ప్రత్యేకంగా బంట్రోతులను కూడా పెట్టింది.

"ఒరేయ్, నీకు దండం పెడతాను, ఇంకేదైనా కట్టు," అనేది టామసిన్. "మొగుడికి విషం పెట్టినదాని మీద కట్టు. రెండు తలల దూడ మీద కట్టు. అవి పాడితే ఎవరూ పట్టుకోరు, పైగా జనం ఎగబడి కొంటారు."

"దూడ మీద కట్టడానికి నేనెందుకక్కా? ఎవడైనా కడతాడు."

"అవును మరి, తమరు ఆస్థాన కవిగారు. చూరు కింద ఆస్థానం."

జెర్విస్‌కి రాజంటే ఉత్త మాటల భక్తి కాదు. పన్నెండేళ్ళప్పుడు మెడ చుట్టూ గడ్డలు లేచి చీము పట్టాయి. రాజు చేత్తో తాకితే ఆ జబ్బు పోతుందని అప్పట్లో దేశమంతా నమ్మేవారు. టామసిన్ తమ్ముణ్ణి వీపు మీద మోసుకుని కోట దాకా తీసుకెళ్ళి, వందల మంది రోగుల వరసలో పొద్దున్నుంచి నిలబడింది. సన్నని చల్లని వేళ్ళు రెండు తన మెడ మీద ఆనిన క్షణం జెర్విస్ ఎప్పటికీ మరిచిపోలేదు. గడ్డలు మానాయి.

"ఆయన వేళ్ళ మహిమ అక్కా అది."

"వేళ్ళు ఆనించి ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నలభై రోజులు పిండికట్లు వేసింది ఎవర్రా? మరి నా వేళ్ళకి దణ్ణం పెట్టవేం?"

నవ్వుతూనే అనేది. కానీ రాజు మాట వస్తే ఆమె నవ్వులో ఒక పక్క ఎప్పుడూ చలిగానే ఉండేది. ఆమె మొగుడు వాట్ థేమ్స్ నది మీద పడవ నడిపేవాడు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైన రెండో ఏడు సరుకు వేసుకుని ఎగువకి వెళ్తే, ఆక్స్‌ఫర్డ్ దగ్గర రాజు సైనికులు పట్టుకుని చేతికి బల్లెమిచ్చి నడిపించుకుపోయారు. ఏదో కోట ముట్టడిలో పోయాడని ఒకడు చెప్పాడు. కాదు, జ్వరం వచ్చి బురదలోనే పోయాడని ఇంకొకడు చెప్పాడు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు. టామసిన్ అతని గురించి మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం, జెర్విస్ రాజుగారి దయాగుణం మీద ఏదో చదువుతుంటే, "దయే. నాకు సగం మంచం ఖాళీ చేసిచ్చాడు," అని లేచి నీళ్ళకి వెళ్ళిపోయింది.

అయినా అతను కట్టినవన్నీ ఆమే పాడేది. ఎందుకక్కా అంటే, "నేను కాక ఎవరు పాడతారు? నువ్వా? నీ గొంతు వింటే బండి గుర్రాలు బెదురుతాయి," అనేది.

కొత్త పాట చదివి వినిపించిన రోజు ఆమె వేళాకోళం చేయలేదు. పొగాకు గొట్టం ఆరిపోయినా చూసుకోలేదు.

*మంచు పట్టిన మంగళవారం మూగబోయెను నగరం,*
*కంచు గంటలు కదలలేదు, కాకికి లేదు స్వరం.*

అలా రాజు చావుతో మొదలైన పాట, సముద్రం దాటి పరదేశంలో తలదాచుకున్న రాణి దగ్గర ఆగుతుంది.

*కడలి ఆవల కిటికీ తెరిచి కాచుకున్నది రాణి,*
*గడప దాటిన అడుగు మళ్ళీ గడప తొక్కదు గాని.*
*దీపమొక్కటి ఆరనీయక తెల్లవార్లూ ఉంచె,*
*రేపు వచ్చునని తలచి తలచి రేపులన్నీ ఎంచె.*

"ఆ చివరి మాట మళ్ళీ చదువు," అంది టామసిన్. చదివాడు. కళ్ళు మూసుకుని తనలో తాను ఏదో పాడుకుంది. "ఇది ఇలా కాదురా. రేపు వచ్చునని, రేపు వచ్చునని, రేపు వచ్చునని. మూడుసార్లు అనాలి. ఎదురుచూసేవాళ్ళు ఒక్కసారి అనుకుని ఊరుకోరు."

"ఛందస్సు పోతుందక్కా."

"పోనీ."

ఆమె మాటే నెగ్గింది. ఉర్సులా క్రౌచ్లీ అనే ముసలావిడ ఆ పాటని అచ్చు వేసింది, టామసిన్ పాడినట్టే మూడుసార్లు. ఉర్సులా భర్త అచ్చు యంత్రంతో సహా దొరికిపోయి జైల్లోనే కన్నుమూశాడు. ఆవిడ ఇంకో యంత్రం సంపాదించి, తోళ్ళ గోదాములో చర్మాల కట్టల వెనక పెట్టి నడుపుతోంది. కాగితం మీద కట్టినవాడి పేరుగానీ వేసినావిడ పేరుగానీ ఉండవు.

మే నెల మొదటి శనివారం, జెర్విస్ ఎప్పుడూ లేనిది సంతకి బయల్దేరాడు. తన పాట జనం మధ్య ఎలా ఉంటుందో చూడాలనిపించింది. "దూరంగా కూర్చో. నన్ను ఎరిగినట్టు చూడకు," అని అక్క ముందే చెప్పింది. చర్చి మెట్ల మీద, ఉల్లిపాయల గంపల పక్కన కూర్చున్నాడు.

టామసిన్ మొదట ఇంకెవరో కట్టిన దూడ పాట పాడింది. జనం నవ్వారు, మూగారు. తర్వాత రెండు వైపులా ఓసారి చూసి, ఎప్రాన్ కింద నుంచి కాగితాల కట్ట తీసి, మంగళవారం పాట ఎత్తుకుంది.

తన మాటలే అవి. కానీ జెర్విస్ వాటిని అంతకు ముందెన్నడూ విననట్టే విన్నాడు. గంపలవాళ్ళు అరుపులు ఆపేశారు. రాణి చరణం వచ్చేసరికి ఒక ముసలాయన టోపీ తీశాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు తీశారు. వాళ్ళలో ఒకడు పార్లమెంటు సైన్యం వాడు. ఎర్రకోటు, నడుముకి కత్తి. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. టోపీ గుండెలకి పట్టుకుని, మొహం తుడుచుకోవాలని కూడా తోచక ఏడుస్తున్నాడు.

"ఏరా, రాజు కోసం ఏడుస్తున్నావా, బుద్ధుందా?" అని పక్కనున్న సైనికుడు మోచేత్తో పొడిచాడు.

"రాజెవడికి కావాలి," అన్నాడు ఆ కుర్రవాడు. "మా అన్న గుర్తొచ్చాడు."

టామసిన్ మూడోసారి 'రేపు వచ్చునని' అన్నప్పుడు కళ్ళు మూసుకుంది. అది పాట కోసం చేసిన పని కాదని జెర్విస్ ఒక్కడికే తెలుసు. అంతలో గుంపు చీలిపోయింది. ముగ్గురు బంట్రోతులు వచ్చి పడ్డారు. ఒకడు ఆమె చేతులు వెనక్కి విరిచాడు, ఇంకొకడు కాగితాలు లాక్కున్నాడు. ఎవరో ఉల్లిపాయ విసిరారు. జనం "వదలండ్రా" అని అరిచారు గానీ ఎవరూ ముందుకి రాలేదు.

"ఎవడు కట్టాడే ఈ పాట?"

"నా పొట్ట కట్టింది బాబూ," అంది టామసిన్.

లాక్కుపోతున్నప్పుడు ఆమె చర్చి మెట్ల ముందు నుంచే వెళ్ళింది. ఆమె కళ్ళు జెర్విస్ మీద నుంచి, గంపల మీద నుంచి, తలుపు మీద నుంచి ఒకే తీరుగా జారిపోయాయి. జెర్విస్ లేవలేదు. కర్రలు పక్కనే ఉన్నాయి. చెయ్యి వాటి మీదే ఉంది. సంత మళ్ళీ కూతలు మొదలుపెట్టాక కూడా అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఉర్సులా వచ్చి, ఎండు చేపలు, రొట్టె బల్ల మీద పెట్టి, "నువ్వు ఊరు వదిలి పోవాలి నాయనా," అంది. "కట్టినవాడి పేరు చెప్పమని రోజుకి పది దెబ్బలు కొడుతున్నారట. పిల్ల నోరు విప్పడంలేదు. కానీ మనిషి ఒళ్ళు కదా, ఎన్నాళ్ళు?"

"చెప్పనీ. చెబితే వదిలేస్తారు."

"నువ్వు పోతే అది చెప్పినా పర్వాలేదు. అందుకే పొమ్మంటున్నా."

జెర్విస్ పాటల నిండా ధైర్యవంతులే ఉండేవారు. ప్రాణాలు గడ్డిపోచలన్నవాళ్ళు, కత్తికి ఎదురెళ్ళినవాళ్ళు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళని పోగేశాడు. ఆ నాలుగు రోజులూ వాళ్ళలో ఒక్కడూ అతనికి సాయం రాలేదు. అయిదో రోజు పొద్దున్న, తనకే తెలియకుండా కర్రలందుకుని మెట్లు దిగాడు.

వంతెన దాటి, నది వెంట పడమటికి నడిస్తే జైలు. రెండు కాళ్ళున్నవాడికి అరగంట దారి. జెర్విస్‌కి మధ్యాహ్నమైంది. చంకల్లో చర్మం లేచిపోయి చొక్కాకి నెత్తురంటింది. ఆ రోజు అక్కడ హార్న్‌బై అనే మేజిస్ట్రేటు విచారణ చేస్తున్నాడు. లావుపాటి మనిషి, జలుబుతో ఉన్నాడు, మాటిమాటికీ ముక్కు చీదుకుంటున్నాడు.

"మంగళవారం పాట కట్టింది నేనే," అన్నాడు జెర్విస్. నాలుగు రోజులుగా గొంతులో పేరుకున్న మాట, తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఆమెని వదిలేయండి. ఆమెకి చదువు రాదు. నేనిచ్చింది పాడింది, అంతే."

హార్న్‌బై అతన్ని కాళ్ళ నుంచి పైకి చూశాడు. "ఆమెను తీసుకురండి," అన్నాడు.

టామసిన్‌ని తెచ్చారు. జుట్టు కత్తిరించేశారు. వీపు వంచకుండా, చెక్కలా నడుస్తోంది. జనపనార దంచి దంచి అరచేతులు పగిలాయి. జెర్విస్‌ని చూసింది. కనురెప్ప కూడా కదపలేదు.

"ఈయన్ని ఎరుగుదువా?"

"లేదు దొరా. పాపం, కుంటి మనిషి. కూర్చోబెట్టండి."

"పాట తనే కట్టానంటున్నాడు."

టామసిన్ నవ్వింది. పన్ను లేని సందు కనబడేలా, సంతలో నవ్వినట్టే నవ్వింది. "పేరు కోసం పాకులాడే పిచ్చోళ్ళు వీధికొకడుంటాడు దొరా. మా పేటలో ఒకాయన, ప్రళయంలో తేలిన నోవహు ఓడ తనే కట్టానంటాడు. ఆయన్నీ పిలిపించమంటారా?"

గుమస్తాలు నవ్వారు. జెర్విస్ "అక్కా" అనబోయాడు. ఆమె ఒక్క చూపు చూసింది. చిన్నప్పుడు పుండు కడిగేటప్పుడు ఏడవొద్దని చూసే చూపు.

హార్న్‌బై బల్ల మీది కట్టలోంచి అచ్చు కాగితం తీశాడు. "కట్టినవాడివైతే చదువు. మొత్తం."

జెర్విస్ చదివాడు. మంచు, గంటలు, కాకి అన్నీ వచ్చాయి. కడలి వచ్చింది, దీపం వచ్చింది. "రేపు వచ్చునని తలచి తలచి రేపులన్నీ ఎంచె," అని ముగించాడు.

హార్న్‌బై కాగితం మీద వేలు పెట్టి రెండోసారి చూసుకున్నాడు. "తప్పు. ఇక్కడ 'రేపు వచ్చునని' మూడుసార్లు ఉంది. తలచి తలచి అని లేనే లేదు."

"తన పాట తనకే రాదు. కవిగారు!" అంది టామసిన్.

"అది ముందు నేను అలా రాసి, తర్వాత..." అని జెర్విస్ మొదలుపెట్టాడు. తర్వాత ఎవరు మార్చారో చెప్పాలంటే అక్క పేరే చెప్పాలి. పాట మార్చింది కూడా ఆమే అని చెబితే ఆమె మెడకి ఇంకో ఉచ్చు తగిలించినట్టే. మాట నోట్లోనే ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి హార్న్‌బైకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"బయటికి పంపండి. మళ్ళీ వస్తే పిచ్చాసుపత్రికి పంపుతానని చెప్పండి," అని ముక్కు చీదుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారంతా జెర్విస్ ఒక్కటే ఆలోచించాడు. ఆ తప్పు భయంతో నోరు తడబడి వచ్చిందా? లేక బతకాలన్న ఆశ లోపల్లోపల ఆ పాత పాదాన్ని వెతికి అందించిందా? ఆ ప్రశ్నకి జవాబు ఆ రోజు దొరకలేదు. తర్వాత కూడా దొరకలేదు.

మరునాటి నుంచి రోజూ జైలు దాకా వెళ్ళేవాడు. లోపలికి రానిచ్చేవారు కాదు. ఆడఖైదీలను చూసుకునే డోర్కస్ అనే ఆవిడ గుమ్మం దగ్గర రొట్టె, జున్ను అందుకుని లోపలికి తీసుకెళ్ళేది. మొహం చూస్తే గడుసు మనిషి. ఆదివారాలు చర్చిలో మూడు ప్రసంగాలు వినే రకం. మొదట్లో మాట్లాడేది కాదు. మూడో రోజు మాత్రం, "దెబ్బలు ఆపేశారు," అంది. ఇంకో వారానికి, "లోపల జ్వరాలు తగిలాయి. నీ రొట్టె తినడంలేదు. ఇంకెవరికైనా పెట్టమంది," అంది.

జూన్ పదకొండున డోర్కస్ గుమ్మం దగ్గర చెయ్యి చాపలేదు. మూటని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడు?"

"ఇందాకే, పొద్దున. ప్రార్థన గంట కొడుతుంటే." గుమ్మం దిగి వచ్చి, "నువ్వు ఎవరివో నాకు తెలుసులే," అంది. "ఒకే ముక్కు. దొరగారు జలుబుతో సరిగ్గా చూడలేదు గానీ."

జెర్విస్ గోడకి ఆనుకున్నాడు.

"నీకో మాట చెప్పమంది. నువ్వు తప్పు చదవడమే మంచిదైందట. సరిగ్గా చదివుంటే నిన్ను చంపేదాన్నని చెప్పమంది."

"ఇంకా?"

"ఇంకేముంది. చివరి రెండు రోజులూ ఒళ్ళు తెలియలేదు. వాట్, వాట్ అని ఒకటే పిలుపు. నువ్వేనేమో అనుకున్నా." డోర్కస్ చేతులు ఎప్రాన్‌కి తుడుచుకుంది, తడిలేకపోయినా. "నాకు మీ పాటలు గిట్టవు. ఆ రాజు చేతులకి చాలా నెత్తురుంది, అందులో మావాళ్ళదీ ఉంది. ఒకసారి అడిగాను, ఆ మనిషి కోసం ఇన్ని దెబ్బలు తినాలా తల్లీ అని. 'ఏ మనిషి?' అంది. రాజు అన్నాను. 'ఓ, ఆయనా' అంది. అంతే."

పాదిరి రెండు ముక్కలు చదివాక, జైలు వెనక గుంతలో ఇంకో నలుగురితో కలిపి పూడ్చారు. కర్రలు మన్నులో దిగబడుతుంటే జెర్విస్‌ని డోర్కస్ పట్టుకుంది.

జూలైలో ఉర్సులా మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీరేదాకా మంచం అంచున కూర్చుంది. టామసిన్ మంచమే అది.

"నాయనా, ఇప్పుడు అడగకూడదు. కానీ ఇప్పుడే అడగాలి. టామసిన్ మీద పాట కట్టు. రాజు కోసం ప్రాణమిచ్చిన పాటగత్తె అని. ఊరంతా ఏడుస్తుంది. ఆ బోడితలల పార్లమెంటువాళ్ళకి ముఖం చెల్లదు."

"రాజు కోసం ఇవ్వలేదు ఉర్సులమ్మా."

"మరి ఎవరి కోసం?"

జెర్విస్ కర్రల వైపు చూశాడు. జవాబు చెబితే తన పేరే చెప్పాలి.

ఉర్సులా అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "చూడు. మా ఆయన జైల్లో పోయినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నా. ఆ మనిషికి రాజూ లేదు, పార్లమెంటూ లేదు, అచ్చు సిరా వాసనంటే పిచ్చి, అంతే. కానీ ఊరికే పోయాడంటే నేను బతకలేను. అందుకే ఆయన రాజు కోసం పోయాడన్నాను. అంటూ అంటూ ఉంటే ఇప్పుడు అదే నిజం."

"నాకు రావడంలేదు," అన్నాడు జెర్విస్. అది నిజం. ఎన్నిసార్లు కలం పట్టినా, వీరులూ కిరీటాలూ వచ్చి నిలబడుతున్నాయి, అక్క రావడంలేదు. తనకి చేతనైన పాటలో ఆమె పట్టే చోటు లేదు.

"సరే. నువ్వు కట్టకపోతే ఇంకొకరి చేత కట్టించాలి. కోపం తెచ్చుకోకు."

"కోపం లేదు," అన్నాడు. నిజంగానే లేదు. ఉర్సులా వెళ్తూ గది ఊడ్చి, పక్కబట్ట సర్ది వెళ్ళింది.

ఆగస్టు చివర్లో ఆ పాట వచ్చింది. జెర్విస్ కాగితం కొనుక్కోవడానికి వంతెన అవతలికి వెళ్ళినప్పుడు, చేపల వీధి మలుపులో ఒక సన్నపాటి యువకుడు నిలబడి పాడుతున్నాడు. మంచి గొంతు, తేనెలా ఉంది. పాటలో పద్దెనిమిదేళ్ళ కన్య ఉంది. పేరు రోజమండ్. బంగారు జుట్టు. రాజుగారి బొమ్మని గుండెకి కట్టుకుని సంతల్లో పాడింది. దుర్మార్గులు కొరడాలతో కొడుతుంటే ప్రతి దెబ్బకీ రాజు పేరే పలికింది. చివరికి దేవదూతలు వచ్చి జైలు కిటికీ ఊచలు వంచి తీసుకుపోయారు. కాగితం మీద చెక్క అచ్చుతో బొమ్మ కూడా వేశారు. ఏదో పాత కథకి చేయించిన రాకుమారి బొమ్మ అది.

జనం ఏడుస్తున్నారు. జెర్విస్ వాళ్ళ మధ్య నిలబడి మొదట అసహ్యపడ్డాడు. గట్టిగా అరిచి ఆపాలనిపించింది. కానీ పాట బాగుంది. బాగా కట్టిన పాట. తను కట్టినా ఇలాగే కట్టేవాడు. ఆ సంగతి తట్టేసరికి గుంపులోంచి పక్కకి తప్పుకున్నాడు. గోడ వారగా ఉన్న అరుగు మీద కూలబడ్డాడు.

అరుగు మీద అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. ఆల్చిప్పలు అమ్మే ఆవిడ. పక్కన ఖాళీ బుట్ట, తడి ఎప్రాన్. కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏం పాటయ్యా. గుండె పిండేసింది," అంది. "అసలు నిజంగా ఉందంటావా అలాంటి పిల్ల?"

జెర్విస్ కర్రలు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఈ నాలుగు నెలల్లో ఎవరితోనూ అనలేదు ఆ మాట. అనడం ప్రమాదం కూడా.

"ఉంది," అన్నాడు. "మా అక్క."

ఆవిడ అతని వైపు తిరిగి మొహం చూసింది. నవ్వలేదు. అరిచి నలుగురికీ చెప్పలేదు. బుట్టని కాలితో అవతలికి జరిపి, అతని దగ్గరికి జరిగింది.

"ఎలా ఉండేది?"

జెర్విస్ వీధి చివరి వైపు చూశాడు. "బాతులంటే భయం," అన్నాడు.

"బాతులంటేనా?"

"పెద్ద తెల్ల బాతులు. చిన్నప్పుడొకటి తరిమింది. అంత మనిషీ, వీధి చివర బాతు కనిపిస్తే ఈ సందులోంచి ఆ సందులోకి చుట్టూ తిరిగి వచ్చేది. ఇంటికొచ్చి, నీళ్ళ దగ్గర ఆలస్యమైందిరా అని అబద్ధం చెప్పేది. నాకు తెలిసేది. నేను అడిగేవాణ్ణి కాదు."

ఆవిడ ఫక్కున నవ్వి, నవ్వినందుకు తప్పుచేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జెర్విస్ కూడా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే కళ్ళలోంచి నీళ్ళు దిగాయి, పూడ్చిన రోజున రానివి.

"చెప్పయ్యా. ఇంకా చెప్పు," అంది ఆవిడ.

చెప్పాడు. గంజిలో మిరియాలు ఎక్కువ వేసేదని, ఎన్ని తిట్టినా తగ్గించేది కాదని చెప్పాడు. బల్లకట్టు మీద ఎవరో పోకిరి చెయ్యి వేస్తే గంపలోంచి బతికున్న పాముచేప తీసి వాడి మొహాన కొట్టిందని చెప్పాడు. కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉండేవని, వేసవిలో కూడా మేజోళ్ళు వేసుకునే పడుకునేదని చెప్పాడు. మలుపులో పాడేవాడు కాగితాలన్నీ అమ్ముకుని వెళ్ళిపోయాడు. జనం చెదిరిపోయారు. చేపల వీధివాళ్ళు బల్లలు కడిగి నీళ్ళు పారబోస్తున్నారు. ఆల్చిప్పలావిడ ఇంటికి పోవాల్సిన వేళ దాటినా కదల్లేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆపి అడిగింది.

"పేరు పాటలో చెప్పిందేనా?"

"కాదు. టామసిన్."

"టామసిన్," అని ఆవిడ ఒకసారి పలికి చూసుకుంది. "ఊ, చెప్పు. ఆ పాముచేప దెబ్బ తిన్నవాడు ఏం చేశాడు మరి?"